గాలిపటం సోలో

సూది వేసే ముందు చేతికి రాసే స్పిరిట్ దూది ఉంటుంది చూడండి, ఆ చల్లటి ఘాటు వాసన తగిలితే ఎవరికైనా దవాఖాన గుర్తొస్తుంది. మొన్న మా వీధి క్లినిక్‌లో కూర్చున్నప్పుడు నాకు మాత్రం ముందు టేప్‌రికార్డర్ గుర్తొచ్చింది, ఆ తర్వాతే దవాఖాన. మా ఇంట్లో టేప్‌రికార్డర్ తుడవడానికీ, సూదికీ స్పిరిట్ ఒక్క చోటు నుంచే వచ్చేది. ఆ వాసన మీద నాకు ఇప్పటికీ కోపమే, పాపం అది చేసిన తప్పేమీ లేకపోయినా.

తొంభైల్లో మేం నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మెదక్ వైపు నుంచి వచ్చిన నాయిన అబిడ్స్‌లో ఒక మెట్ల కింది కొట్టులో కుట్టుమిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, క్రిస్మస్ దగ్గరపడితే చర్చిలో పాడే క్వయర్ వాళ్ల తెల్లంగీలు కుట్టేవాడు. డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో ఒక మూల ఆ తెల్లబట్టల గుట్ట, ఇంకో మూల అమ్మ వేయించి డబ్బాలో సర్దిన గులాబీ పువ్వులు, అరిసెల పాకం వాసన, దాన్ని తోసుకుంటూ కిటికీలోంచి వచ్చే డీజిలు వాసన, ఏ బండి ఎంత ఆలస్యమో చెప్పే అనౌన్స్‌మెంట్లు, వీటన్నింటి మీదుగా మా అన్న ప్రభు టేప్‌రికార్డర్‌లోంచి ఎవరో ముక్కూ మొహం తెలియని విదేశీయుడి ఎలక్ట్రిక్ గిటార్. ఆదివారం చర్చి నుంచి వస్తూ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో అన్న గిటార్ బొమ్మలున్న పత్రికల కోసం గంటలు గంటలు వెతికేవాడు, నేను ఎండలో నిలబడి ఆకలికి సణిగేదాన్ని.

అన్న నాకంటే చాలా పెద్ద. నేను బడికి పోయే రోజుల్లో అతను కాలేజీలో ఉన్నాడు. అబిడ్స్‌లో ఖలీల్ భాయ్ రికార్డింగ్ షాపులో క్యాసెట్లలో రాక్ పాటలు నింపించుకుని తెచ్చేవాడు. ఆ పాటల్లో మాటలు మా ఇద్దరికీ సగం అర్థమయ్యేవి కావు, అందుకే పాడేవాడు నోరు మూసుకుని గిటారొక్కటే మాట్లాడే ఆ చోటు కోసం కాచుకుని కూర్చునేవాళ్లం. దాన్ని సోలో అంటారని అన్న చెప్పాడు. వాటికి పేర్లు పెట్టింది మాత్రం నేను. టకటకా పరుగెత్తేది కుట్టుమిషన్ సోలో. ఒకే తీగను లాగి లాగి మూలిగించేది పంటినొప్పి సోలో. మా ఇద్దరికీ ప్రాణమైనది గాలిపటం సోలో. అది కింద నెమ్మదిగా మొదలై, మాంజా వదిలినకొద్దీ పైకి పైకి పోయి, చివరికి ఒక సన్నటి స్వరం దగ్గర నిలబడిపోయేది. అది దిగేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. క్రిస్మస్ ఆరాధనలో, కీర్తన రెండో చరణానికీ మూడో చరణానికీ మధ్య, ఎవరికీ చెప్పకుండా తన గిటార్ మీద ఆ సోలో వాయించాలని అన్న కోరిక. అతను ఇంకేదీ అంతగా కోరుకోగా నేను చూడలేదు.

ఒక ఏడు వానాకాలంలో అతనికి దగ్గు తిరగబెట్టింది. అంతకుముందు ఒకసారి వచ్చిన టీబీ, మధ్యలో మందులు మానేసిన టీబీ. ఈసారి రోజూ సూది తప్పదన్నారు. ఇంట్లో ఆ రోగం పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అన్నకు పళ్లెం వేరు, గ్లాసు వేరు, చాప వేరు. పొద్దున్నే సందు చివర కంపౌండరు దగ్గరికి వెళ్లి సూది వేయించుకుని వచ్చేవాడు. మెల్లగా దగ్గు తగ్గింది, ఒంటికి కండ పట్టింది, అమ్మ చర్చిలో లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతూ ఏడ్చింది.

అవే రోజుల్లో టేప్‌లో పాట మసకబారింది. మాకెవరికీ కాదు, అన్నకు. "హెడ్డుకు మురికి వట్టింది" అని కంపౌండరును అడిగి చిన్న సీసాలో స్పిరిట్ తెచ్చుకుని, అగ్గిపుల్లకు దూది చుట్టి, టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ రాసుకునే ఆ హెడ్డును రోజూ తుడిచేవాడు. చెవిని తినేస్తున్న సూదీ, చక్కగా వినబడాలని తెచ్చుకున్న స్పిరిటూ ఒకే మనిషి చేతి నుంచి అందుకుంటున్నాడని మాకు తెలియదు, ఆ కంపౌండరుకూ తెలియదు. ఎంత తుడిచినా లాభం లేకపోయేసరికి అన్న ఖలీల్ భాయ్ మీద పడ్డాడు. నన్ను వెంటబెట్టుకుని షాపుకు వెళ్లి క్యాసెట్ కౌంటర్ మీద విసిరినంత పని చేశాడు.

"ఏంది భాయ్, గిట్ల చేసినవ్? సోలోల పైకి పోయే కాడ అంతా చెరిపేసినవ్."

ఖలీల్ భాయ్ తెల్లగడ్డం మనిషి, నోరు జారి ఎరగడు. క్యాసెట్ తీసి తన పెద్ద డెక్కులో పెట్టాడు. గాలిపటం లేచింది. అది పైకి పోయి పోయి ఆ చివరి స్వరం మీద నిలబడగానే అన్న గెలిచినవాడిలా చెయ్యి చూపించాడు.

"సూడు, ఆగిపోయింది."

స్వరం మోగుతూనే ఉంది. ఖలీల్ భాయ్ వాల్యూమ్ పెంచాడు. "వస్తుంది గదా బేటా, సాఫ్ వస్తుంది" అన్నాడు మెల్లగా.

అన్న నా వైపు తిరిగాడు. "వస్తుందా రూతూ?"

"ఔ అన్నా."

 అతను క్యాసెట్ కూడా తీసుకోకుండా రోడ్డు మీదికి నడిచాడు, నేను పోస్టాఫీసు దాకా వెనక పరుగెత్తాను.

పెద్ద దవాఖానలో చూపిస్తే, ఈ సూది కొందరి చెవులను ఇలా చేస్తుందనీ, ముందు సన్నటి శబ్దాలు పోతాయనీ, పోయినవి తిరిగి రావనీ చెప్పి సూది ఆపేశారు. "పానం దక్కింది బిడ్డా, గది చాలు" అంది అమ్మ. నాయిన కొట్టులో తల వంచుకుని మిషన్ తొక్కాడు. కొడుకు బతికాడన్న సంతోషం ఇంటినిండా పరుచుకుని, అన్న దుఃఖానికి కూర్చునే చోటు కూడా లేకుండా చేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అయినా అతను క్రిస్మస్‌ను వదులుకోలేదు. నేను బడి నుంచి రాగానే మెట్ల మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని గిటార్ వాయించేవాడు. "ఇంకా జర పైకి," "దాటిపోయినవ్ అన్నా," "ఔ, గదే" అని నేను చెప్పేదాన్ని. రానురాను నోరు విప్పే పనే లేకుండా నా ముఖం చూసి సరిచేసుకునేవాడు. వేళ్లకు చోట్లన్నీ వచ్చేశాయి. పండుగ పొద్దున తీగలు శ్రుతి చేసింది కూడా నేనే.

చర్చిలో కీర్తన రెండో చరణం అయింది. ఆడవాళ్ల వైపు చాప మీద నేను, ముందు అన్న. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు, అంత అందంగా అతను ఎన్నడూ మొదలుపెట్టలేదు. సగం ఎక్కాక సన్నతీగ శ్రుతి కొంచెం జారింది. కొంచెమే. అక్కడి నుంచి ఒక్క స్వరమూ దాని చోట లేదు. అతని వేళ్లు మాత్రం తప్పు లేకుండా పైకి పోతూనే ఉన్నాయి. క్వయర్ పిల్లలు నాయిన కుట్టిన తెల్లంగీల చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. క్వయర్ పెద్ద తొందరగా మూడో చరణం ఎత్తుకున్నాడు, సంఘమంతా గట్టిగా అందుకుంది. అన్న కళ్లు తెరిచి, కదులుతున్న నోళ్లన్నీ చూసి, నన్ను వెతుక్కున్నాడు. నా ముఖం అతనికి అంతా చెప్పేసింది.

ఆ తర్వాత అతను గిటార్ ముట్టలేదు. వెళ్లి నాయిన కుట్టుమిషన్ ముందు తను కూర్చున్నాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఖలీల్ భాయ్ లేడు, అతని షాపులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. క్యాసెట్ నింపి ఇచ్చే మనిషి అబిడ్స్ మొత్తం మీద లేడు. ఏ సోలో కావాలన్నా నా ఫోన్‌లో ఒక్క క్షణంలో దొరుకుతుంది. చెవి మిషన్ పెట్టుకుంటే అన్నకు ఎదురుగా మాట్లాడేవాళ్ల మాటలు తెలుస్తాయి, అంతే.

పోయిన నెల అన్నను చూడటానికి కొట్టుకు వెళ్లినప్పుడు, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగాను, ఆ సోలో మనసులోనైనా వినిపిస్తుందా అని.

"మొదట్ల దినాం ఇనవడుతుండె," అన్నాడు. "ఆఖరి దాకా. ఇప్పుడు లోపల గూడ గాడికొచ్చి ఆగిపోతుంది." కాసేపు బట్ట సవరించి, నా పెదాల వంక చూస్తూ అడిగాడు: "గా పైన ఎట్లుంటుండె రూతూ?"

ఎన్ని మాటలు వెతుక్కున్నానో.

"సన్నగ ఉంటుండె అన్నా."

"సన్నగ," అని తనూ ఒకసారి అనుకుని, మళ్లీ బట్ట మీదికి వంగాడు.