ఎల్బోకు మూరెడు

తెలంగాణ కోసం బంద్‌ల మీద బంద్‌లు నడుస్తున్న రోజులు. జగిత్యాలలో నా ఇంజినీరింగ్ కాలేజీ మూతపడితే సిరిసిల్లలో ఇంటికొచ్చాను. బాపు సైజింగ్ కార్ఖానాలో పడుగు నూలుకు గంజి పట్టించే పని చేసేవాడు. బొగ్గు గనుల సమ్మెతో కరెంటు కోతలు మొదలయ్యాయి. జనరేటర్‌తో మిషన్ తిరిగేది గానీ, గంజి తోడే పంపుకు చాలేది కాదు. కోరుట్ల నుంచి తెచ్చిన పాత ట్యాంకును ఎత్తున నిలబెట్టి, పైపులోంచి గంజిని దానంతటదే దిగనిద్దామనుకున్నారు. ఎంత ఎత్తున పెట్టాలి?

"నా బిడ్డ లెక్కగట్టి చెప్తది సేటూ," అని బాపు కార్ఖానా యజమానికి మాటిచ్చేశాడు. ఆ మాట పోతే ఇన్నేళ్ల నమ్మకం పోతుంది. నాకేమో కాళ్లు నేలమీద ఆగలేదు.

పైపు పదిహేను అడుగులు, బాయిలర్‌ను చుట్టి రావడానికి మలుపు మలుపుకూ బిగించిన వంపు ముక్కలు, ఎనిమిది ఎల్బోలు. ఒక్కో ఎల్బోలో ఒత్తిడి ఎంత తగ్గుతుందో పుస్తకం వెనక పట్టికలో చూసి లెక్కేస్తే మరీ చిన్న అంకె వచ్చింది. దాన్ని వదిలేసి, మూడడుగుల ఎత్తు చాలన్నాను. ఆ పట్టిక సుడులు తిరుగుతూ పారే నీళ్లదని, గంజిలా నింపాదిగా పొరలు పొరలుగా జారేవాటికి పనికిరాదని చూసుకునే ఓపిక నాకెక్కడిది!

గంజి సగమే వచ్చింది. సగం పడుగు పొడిగానే బీముకు చుట్టుకుంది. అది మగ్గమెక్కితే పోగులన్నీ తెగుతాయి. సేటు అంతెత్తున లేచాడు.

"కొలత నేనే తప్పు చెప్పిన సేటూ," అన్నాడు బాపు. నేను లెక్కల కాయితాన్ని వెనక్కి దాచుకున్నాను.

సేటు వెళ్లాక బాపు పైపు వెంట నడుస్తూ, ప్రతి ఎల్బో దగ్గరా మోచేయి ఆనించి వేళ్లదాకా చాచాడు, బట్ట కొలిచినట్టే.

"ఇంచున్నర పైపు గద, ఎల్బోకు మూరెడు పైపు ఎక్కువున్నట్టు అనుకోవాలె. గంజికే గీ లెక్క, నీళ్లకు నడువది."

ఎనిమిది మూరలంటే ఇంకో పన్నెండడుగులు, పైపు దాదాపు రెట్టింపైనట్టే. ట్యాంకును ఐదున్నర అడుగులకు లేపితే గంజి నిండుగా దిగింది.

"ముందుగాల ఎందుకు చెప్పలే బాపూ?"

"కాయిదం మీద అంతగనం రాస్తుంటివి. నడుమల నేనేం చెప్పుదు బిడ్డా?"

కాలేజీ తెరిచాక లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం దొరికింది. చిక్కటి ద్రవం నెమ్మదిగా పారేటప్పుడు ఒక్క ఎల్బో, పైపు వ్యాసానికి పన్నెండు పదమూడు రెట్ల పొడవున్న పైపుతో సమానమట. ఇంచున్నరతో గుణిస్తే పద్దెనిమిది ఇంచుల పైచిలుకు. మూరెడు! బడి మొహం చూడని మనిషి ఆ అంకెను మోచేత్తో ఎలా పట్టుకున్నాడు?

వెంటనే ఫోన్ చేశాను. పుస్తకంలో ఉన్నది చెప్పి, తప్పు నాదేనని సేటుతో చెప్పేస్తానన్నాను.

"గదెందుకు తియ్యి బిడ్డా. బుక్కుల గూడ మూరెడే రాసిండ్రా? అయితే మంచి బుక్కే. గదే చదువు."