గట్టు మీద మెరిసిన ఐదు రాళ్లు

చదువు మొదలుపెట్టిన కొత్తలో మనిషికి ఉండే ధీమా, ఆ చదువంతా పూర్తయ్యాక కూడా మళ్లీ రాదేమో. ఆ రోజుల్లో నేను హైదరాబాదులో భూగర్భశాస్త్రం డిగ్రీ మొదటి ఏడాది ముగించి, సెలవులకు బల్మూర్ దగ్గర మా చిన్నాయన ఇంటికి వచ్చాను. చేతిలో అతినీలలోహిత టార్చి. (బట్టల సంచి బస్సులో మరిచిపోయాను గానీ టార్చి మరవలేదు.) ఆ వెలుగు కంటికి సరిగా ఆనదు, కానీ కొన్ని ఖనిజాల మీద పడితే అవి ఎర్రగానో పచ్చగానో వెలుగుతాయి. ఊళ్లో నేను టార్చి కొట్టని రాయి లేదు. ఒక్కటీ వెలగలేదు. మా ఊరి రాళ్ల మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

ఇంతలో వాన దంచి కొట్టింది. మర్నాడు చేను మంచి పదును మీద ఉంది. విత్తనం మొలవడానికి నేలలో కావలసిన ఆ తడి, ఎండ కాస్తే ఎంతో కాలం ఆగదు. చిన్నాయన మక్కజొన్న విత్తడానికి కిరాయి ట్రాక్టర్ పిలిపించాడు. అది వచ్చేలోపు గట్టు మీద తిరుగుతుంటే వరుసగా ఐదు తెల్లరాళ్లు కనిపించాయి. వాటి మీద లేత పసుపు మరకలు. ఇనుము తుప్పు అని అక్కడికక్కడే తేల్చేశాను. పట్టపగలు మెరుపు తెలియదు కనుక చిన్నాయన గొంగడి నిండా కప్పుకొని, రాళ్లను లోపలికి లాక్కొని టార్చి కొట్టాను. ఐదుకు ఐదూ పచ్చగా వెలిగాయి.

"ఏంది బిడ్డా, గొంగట్ల ఏం జేస్తున్నవ్?" అంటూ చిన్నాయన కూడా తల దూర్చాడు. చూసి నోరు తెరిచాడు. "గిదెందుకు మెరుస్తుంది?"

నేను గొంతు సవరించుకున్నాను. "రాయిల జర వేరే పదార్థం కలిసి ఉంటది చిన్నాయనా. మనకు కనబడని వెలుగు దాని మీద పడితే ఆ శక్తిని మింగుతది. కొంత వేడిగ పోతది, మిగిలింది మనకు కనబడే రంగుగ బయటికొస్తది. శానా రాళ్లు శుద్ధంగ ఉంటే మెరవనే మెరవవు."

"అంటే కల్తీ ఉంటేనే మెరుస్తదన్నట్టు."

"అంతే. ఇవి వరుసగ ఉన్నయి చూడు, చేను కింద ఖనిజం చార పోతుంది. తవ్వి చూసేదాంక ట్రాక్టర్ ఆపియ్."

అప్పుడే వచ్చిన ట్రాక్టర్ డ్రైవర్ తొందరపెట్టాడు. "అన్నా, ఇయ్యాల ఇత్తకుంటే మల్ల నాల్గొద్దుల దాంక నేను దొరక." నాలుగు రోజులకు పదును ఉండదు. కిందటేడు బోరు ఎండిపోయి పంట చేతికి రాలేదు, ఈసారి ఇల్లు గడవాలంటే ఈ వానే దిక్కు. చిన్నాయన చేనువైపు చూశాడు, నావైపు చూశాడు. "సదువుకున్న పిల్ల చెప్తుంది. ఆపుదం," అన్నాడు. ట్రాక్టర్ తిరిగి వెళ్లిపోతుంటే నాకు గర్వంతో కాళ్లు నేల మీద ఆనలేదు.

అప్పుడే అన్నం గిన్నె ఎత్తుకొని వచ్చిన చిన్నమ్మ, "నాకు గూడ చూపియ్," అంటూ గొంగట్లో దూరింది. రాయి చేతిలోకి తీసుకుంది. రాయితోపాటు ఆమె వేళ్లూ పచ్చగా వెలిగాయి.

"నా చెయ్యి గూడ మెరుస్తుంది గద బిడ్డా," అని సంబరపడింది.

టార్చి ఆమె వేళ్ల మీదే నిలిపాను. "చేతికేం పూసుకున్నవ్ చిన్నమ్మా?"

"నేనేం పూసుకుంట? పొద్దుగాల గడపకు పసుపు పెట్టిన. నిన్న వానకు ముందు గీ రాళ్లకు గూడ పెట్టిన. ఇత్తే ముందు ఆడోళ్లం గట్టు మీద ఐదు రాళ్లు పెట్టి మొక్కుతం, మీ చిన్నాయన ఎన్నడు పట్టించుకోడు, నీకు తెల్వదా?"

ఇక ఆగలేదు. గొంగడి తల మీద ఉండగానే ట్రాక్టర్ వెనక పరుగెత్తాను. (నల్లమల పక్కన నల్ల గొంగడి కప్పుకొని ఎవరి వెంటా పడకూడదని ఏ పుస్తకంలోనూ రాయలేదు.) డ్రైవర్ వెనక్కి చూసి, ఎలుగుబంటి వస్తోందనుకొని ఇంకా జోరుగా తోలాడు. గొంగడి విసిరేసి పేరు పెట్టి కేకలేస్తే గానీ ఆపలేదు. పొద్దు గూకేలోపు చేనంతా విత్తారు. అప్పుడు గానీ నాకు అన్నం సహించలేదు.

చిన్నాయన చేయి కడుక్కుంటూ, "మన చేన్ల కల్తీ లేదు బిడ్డా. ఉన్న కల్తీ అంత మీ చిన్నమ్మదే," అన్నాడు. చిన్నమ్మ ఊరుకుంటుందా? "నా పసుపుకు కల్తీ అని పేరు పెడుతున్నవా? కొమ్ములు నేనే దంచిన," అని రాత్రి పడుకునేదాకా దెప్పుతూనే ఉంది. పసుపులోనే వెలిగే గుణం ఉందని, దానికి కల్తీ అక్కర్లేదని నేను ఎంత చెప్పినా ఇద్దరూ వినలేదు.

ఇప్పుడు రాళ్లను పరీక్షించడమే నా ఉద్యోగం. ఏ రాయి వెలిగినా ముందు టార్చి నా వేళ్ల మీదికి తిప్పుకుంటాను. పక్కవాళ్లు అదేదో పద్ధతి అనుకుంటారు, నేనూ కాదనను. విత్తే కాలం వచ్చిందంటే చిన్నమ్మ ఫోన్ చేస్తుంది. "రాళ్లకు పసుపు పెట్టిన. ట్రాక్టర్ ఆపమంటవా?" వద్దని నవ్వుతాను. ఆ తర్వాత చాలా రాళ్లు చూశాను, కొన్ని నిజంగానే మంచివి. అయినా వాటిలో దేనికోసమూ, కదిలిపోయే బండిని ఆపమని అంత గట్టిగా చెప్పలేకపోయాను.