సున్నపు గోడ రంగు కార్డు

"చావుకు కార్డు ఇచ్చుడు ఏడన్న ఉన్నదానే?"

"చావుకు కాదు నానమ్మా, అమ్మకు."

"మీ అమ్మకు ఇయ్యాల పుట్టినరోజా, పండుగనా? తల్లి పోయి నెల మాసికం అయి వారం కాలే. గిప్పుడు రంగులు పూసి కార్డు చేతుల పెడితే నవ్వుతరు."

"ఎవరు నవ్వుతరు? ఇంట్ల ఉన్నది ముగ్గురం. అమ్మ నవ్వితే మంచిదే గద."

వాదనలో ఓడిపోతున్నప్పుడు నేను మాట మారుస్తాను. పేపరు ఎందుకు పరిచినవే, ఇయ్యాల్టిది నేనింక చదవలే, అన్నాను.

అది ఆదివారం మధ్యాహ్నం. నల్లగండ్లలో తొమ్మిదో అంతస్తు మా ఇల్లు. నా కొడుకు పనిమీద పూణే పోయాడు. కోడలు లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది. అందుకని మా ఇద్దరి కొట్లాటా గొంతు తగ్గించుకునే జరిగింది. మనవరాలికి పద్నాలుగేళ్లు. డైనింగ్ టేబుల్ మీద తెల్లటి మందపు కాగితం మధ్యకు మడిచి పెట్టుకుని, పక్కన రబ్బరు స్టాంపులకు వాడేలాంటి, అగ్గిపెట్టెలంత ఇంకు డబ్బాలు మూడు పేర్చుకుంది.

రంగు అద్దడానికి బ్రష్షు కొనాలని రెండు రోజులుగా నా వెంట పడింది. ఉన్నవి చాలు అన్నాను. పాత పౌడరు డబ్బాలోంచి మెత్తటి పఫ్ తీసి, కడిగి ఎండబెట్టి ఇచ్చాను. ముందు మూతి ముడుచుకుంది. తరువాత దాంతోనే మొదలుపెట్టింది.

నేను కూరగాయలు కోస్తూ చూశాను. రంగును తిన్నగా కార్డు మీద పెట్టదు. పఫ్‌ను ఇంకులో అద్ది, మొదట పేపరు మీద తిప్పి, అక్కడినుంచి చిన్న చిన్న సున్నాలు చుడుతూ కార్డు అంచు మీదికి ఎక్కిస్తుంది. ఒత్తి రుద్దితే మరక పడుతుందట. లేత రంగు ముందు, ముదురు తరువాత. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో కనపడకూడదట. గంటసేపు అదే పని. చివరికి అంచుల్లో నీలంగా ఉండి, లోపలికి పోను పోను తేలిపోయి, నడుమ తెల్లగా మిగిలింది.

"గిది ఏంది, మబ్బా?" అన్నాను.

"అమ్మమ్మోళ్ల ఇంటి గోడ" అంది.

నా చేతిలో కత్తి ఆగింది. నిజంగానే ఆ గోడ. జనగామ దగ్గర మా వియ్యపురాలి ఇల్లు నేను నాలుగుసార్లు చూశాను. సున్నంలో నీలిమందు కలిపి వేసిన గోడలు. కిటికీ పక్కన ఎండ పడేచోట రంగు వెలిసి తెల్లబడి ఉండేది. ఈ పిల్ల సెలవులకు పోయినప్పుడు అంత గమనించిందని నాకు తెలియదు.

అప్పుడు అడిగింది అసలు మాట. అమ్మమ్మ గురించి లోపల తెలుగులోనే రాయాలి, తనకు రాయరాదు, నన్ను రాయమంది. ఆ పిల్ల బడిలో తెలుగు పేరుకే ఉంది. నేను చదివింది మూడో తరగతి. అయినా మా ఇంట్లో తెలుగు చక్కగా రాసేదాన్ని నేనే.

"అమ్మమ్మ ఎప్పుడు నీతోనే ఉంటది అని రాయి" అంది.

"అబద్ధం నేను రాయ" అన్నాను.

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకు డబ్బాల మూతలు పెట్టుకుని ట్యూషన్‌కు పోయింది. కార్డును ఆరడానికి ఫ్యాను కింద వదిలి పోయింది.

మా కాలంలో చావు సంగతి పోస్టుకార్డు ముక్క మీద వచ్చేది. చదివిన వెంటనే చింపేయాలి, అది ఇంట్లో ఉండకూడదు. నా తల్లి పోయిన కార్డు అత్తగారింటికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నేనే పైకి చదివాను, నేనే చింపాను. కార్డు చేరేసరికి మూడు రోజులైంది. నేను పోయేసరికి అంతా అయిపోయింది. అమ్మ ముఖం చూడలేదన్న బాధ అరవై ఏళ్లు వచ్చినా పోలేదు నాకు.

ఇంత తెలిసినదాన్ని నేను నా కోడలికి ఏం చేశానో చెప్తాను.

వాళ్లమ్మ పోయిన వారంలో, సోమవారం సాయంత్రం జనగామ నుంచి వాళ్ల అన్న ఫోన్ చేశాడు. అమ్మకు జ్వరం, ఆయాసం, దవాఖానలో చేర్చినమని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే పోతానని కోడలు ఫోన్‌లో కారు చూస్తోంది. నేనే అడ్డం పడ్డాను. జ్వరానికి జనగామ దాక కారెందుకు, మీ అన్న ఉన్నడు గద, రేపు మంగళారం పయనం మంచిది కాదు, శనివారం సెలవు, అందరం బస్సుల పోదాం, అన్నాను. నేను అంటే ఈ ఇంట్లో తిరుగులేదు. ఆమె ఎదురు చెప్పే మనిషి కాదు. ఫోన్ పక్కన పెట్టింది.

గురువారం తెల్లవారుజామున వాళ్లమ్మ పోయింది. కారులోనే పోయాం. ఆ రోజు కారెందుకని ఎవరూ అనలేదు.

కర్మకాండలన్నీ అయి తిరిగొచ్చాక కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. మందులు వేసుకున్నరా అంటుంది, తినుండ్రి అంటుంది. కానీ నన్ను ఏదీ అడగడం మానేసింది. ముందు కొత్తిమీర తెచ్చినా అత్తమ్మా గింత చాలునా అని అడిగేది. ఇప్పుడు తనే కొంటుంది, తనే వండుతుంది, గదిలోకి పోయి లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. నా కొడుక్కి ఇది కనపడలేదు. నాకు కనపడింది. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ట్యూషన్ నుంచి పిల్ల వచ్చేలోపు కళ్లద్దాలు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. చేతులు సరిగ్గా తుడుచుకోలేదు. బొటనవేలి తడి తగిలి కార్డు మూలన నీలం చెదిరి గుండ్రటి తెల్లమచ్చ పడింది. కొంగుతో అద్దబోయి, ఇంకా పాడవుతుందని ఆగాను. కార్డు తెరిచి లోపల రాశాను. రెండే వాక్యాలు. రాయడానికి చాలా సేపు పట్టింది.

పిల్ల వచ్చి ముందు మచ్చ చూసింది. కోప్పడుతుందనుకున్నాను. తడి తగిలితే అట్లనే అయితది నానమ్మా, కార్డులు చేసేటప్పుడు మేం కావాలనే నీళ్లు చల్లుతం, అంది. తరువాత లోపల తెరిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"బిడ్డా, ఆ మంగళారం నిన్ను పోనియ్యంది నేనే. తప్పు నాదే."

"మంగళారం ఏంది నానమ్మా?"

"మీ అమ్మకు తెలుసు."

తను చెప్పింది నేను రాయలేదని అలుగుతుందేమో అనుకున్నాను. అలగలేదు. కింద ఇంగ్లీషులో తన పేరు చిన్నగా రాసుకుని కార్డు మూసింది.

మర్నాడు పొద్దున పిల్ల ఆ కార్డును వాళ్లమ్మ ఆఫీసు సంచి మీద పెట్టి స్కూలు బస్సుకు దిగిపోయింది. నేను పొయ్యి దగ్గర చపాతీలు చేస్తున్నాను. కోడలు ఐడీ కార్డు మెడలో వేసుకుంటూ వచ్చి, సంచి దగ్గర ఆగింది. నేను వెనక్కి తిరగలేదు. రెండు వాక్యాలు చదవడానికి పట్టేదానికన్నా చాలా ఎక్కువసేపే నిలబడింది.

"మీరు రాసిండ్రా అత్తమ్మా?"

"నేనే."

"మీరంటే అన్నరు. నేనెందుకు ఆగిన్నో నాకే తెలుస్తలేదు. రోజు గదే అనుకుంటున్న."

నేను తిరిగి చూసేసరికి కార్డు పొయ్యి గట్టు మీద పెడుతోంది.

"బొమ్మ మంచిగుంది. బిడ్డకు చెప్త నేను. గిది మాత్రం మీ దగ్గర్నే ఉంచుకోండ్రి. లోపల ఉన్నది నేను రోజు చూడలేను."

ఏడవలేదు. చపాతీల డబ్బా సంచిలో పెట్టుకుంది. కింద క్యాబు వచ్చిందని ఫోన్ మోగితే చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. తొమ్మిదింటికి పనమ్మాయి వచ్చింది. కార్డు తడవకుండా తీసి ఫ్రిజ్ మీద పెట్టి, ఆమెకు తోమడానికి గిన్నెలు వేశాను.