నన్ను అనని మాటకు ఇచ్చిన ఫౌల్

తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

నేను బాస్కెట్‌బాల్ రిఫరీని. అప్పట్లో రాయచూరులో రైస్ మిల్లు ఉద్యోగం చేస్తూ ఆదివారాలు జిల్లా మ్యాచ్‌లకు వెళ్లేవాణ్ని. ఆ రోజు దేవసూగూరు దగ్గర ఒక కాలనీ కోర్టులో బాలికల ఫైనల్. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. రాయచూరు జట్టు కోచ్ ఒక డ్రిల్ టీచర్. పేరు రాయను. మేడం అంటాను.

చివర్లో నేను ఆమె జట్టు మీద ఒక తప్పు ఫౌల్ ఇచ్చాను. "అదెట్ల ఫౌలు సార్?" అని మేడం మర్యాదగానే అడిగింది. జనం నన్ను చూసి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇంకో నిమిషం ఉందనగా, స్కోరు సమానంగా ఉన్నప్పుడు, ఆమె జట్టు పిల్ల ఒకతి బంతిని నేరుగా ఎదుటివాళ్ల చేతికిచ్చింది.

"కండ్లు కనబడ్తలేవా?" అని మేడం అరిచింది.

ఆమె చూపు ఆ పిల్ల మీదే ఉంది. అది నేను చూశాను. చూసి కూడా, ఇందాకటి నవ్వు ఇంకా చెవుల్లో ఉండబట్టి, ఆ మాట నన్నే అన్నదని నటిస్తూ విజిల్ వేసి, కోచ్ దురుసుతనానికి టెక్నికల్ ఫౌల్ ఇచ్చాను. ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో.

"నేను మా పిల్లను అన్న సార్, మిమ్మల్ని కాదు."

"నన్నే అన్నరు. నేను విన్న."

ఆమె నా కళ్లలోకి చూసింది. "సరే సార్" అని కూర్చుంది.

ఫ్రీ త్రో బుట్టలో పడింది. ఆ ఒక్క పాయింటుతోనే మేడం జట్టు ఓడిపోయింది. ఏడుస్తున్న పిల్లలతో, "పోయి సార్‌కు చెయ్యి కలిపి రాండ్రి" అంది మేడం. బంతి పోగొట్టిన పిల్ల నాకు చెయ్యిస్తూ, "నా వల్లనే సార్" అంది. కాదమ్మా అని ఎందుకు అనలేకపోయాను?

మరుసటి ఏడాది రాష్ట్ర రిఫరీ పరీక్షకు ఎవరిని పంపాలని జిల్లా వాళ్లు మాట్లాడుకుంటుంటే, మేడమే లేచి నా పేరు చెప్పింది. "నా మీదనే ఫౌలు ఇచ్చిన్రు. జర గూడ జంకలె. గట్లాంటోళ్లే కావాలె."

నేను అక్కడే ఉన్నాను. ఆ పరీక్షకు వెళ్లాను, పాసయ్యాను.

ఈ రోజు నేనిలా ఉన్నానంటే ఆ మాట పెట్టిన భిక్షే. ఎన్ని ఊళ్లు చూశాను, ఎంత మంచి ఆట చూశాను! ఇప్పుడు ఏ కోచ్ అరిచినా, ఎవరిని చూసి అరిచారో గమనించకుండా విజిల్ నోట పెట్టను. అది కూడా ఆమె నేర్పినట్టే. కనిపించినప్పుడల్లా దండం పెడతాను. "గంతగనం ఎందుకు సార్" అని నవ్వుతుంది. ఆమె ధైర్యమనుకున్నది నా అక్కసని మాత్రం చెప్పలేదు. చెబితే క్షమించేస్తుందేమో. అదే నా భయమా?

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలోది కాదు. ఆ రోజు మేడం ఏ తప్పూ చేయలేదు. ఆ పిల్లా చేయలేదు. చేసింది నేను. ఇంతవరకూ రాయగలిగాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.