ఉప్పునీళ్లలో నాలుగు కిలోల సీసం

లక్షద్వీప్ పోవాలన్న ఆలోచన నాకు చేపల మీద ప్రేమతో పుట్టలేదు, ఒక మనిషి మీద కోపంతో పుట్టింది. స్కూబా డైవింగు చేసేవాళ్లు మాట్లాడుకునే ఒక ఆన్‌లైన్ గుంపులో పదేళ్లుగా ఉన్నాను. అందులో విశాఖపట్నం పెద్దమనిషి ఒకాయన నా రాతకు జవాబుగా, డ్యాముల్లో బావుల్లో మునిగేవాళ్లు డైవర్లు కారు, ప్లంబర్లు అని రాశాడు. చాలామంది దానికింద నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు అరవై ఏడేళ్లు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల బావుల్లో పడిపోయిన మోటార్లు తీయడంతో మొదలుపెట్టి, జలాశయాల గేట్ల కింద బోల్టులు బిగించేదాకా ముప్పై ఐదేళ్లు నీళ్లలోనే పని చేశాను. మునిగిన ప్రతిసారీ రాసిపెట్టుకునే లాగ్‌బుక్కులో ఆరు వందల పన్నెండు డైవులున్నాయి. అందులో ఒక్కటీ సముద్రంలో చేసింది కాదు. ఈ సంగతి గుంపులో ఎవరికీ తెలియదు. తెలిసేలోగా సముద్రంలో మునిగి రావాలని, అదీ అనుభవజ్ఞులను మాత్రమే దించే చోట మునగాలని పట్టుబట్టాను. వచ్చి వారమైంది. క్షేమంగా ఉన్నానని ఇప్పటికీ రోజుకు రెండుసార్లైనా గుర్తు చేసుకుంటున్నాను.

ఎంచుకున్నది బంగారం అనే దీవి. ప్రొద్దుటూరువాడు బంగారానికి పోతున్నానంటే మా బజారులో ఎన్ని హాస్యాలు పుట్టాయో చెప్పి మిమ్మల్ని విసిగించను. అక్కడి డైవింగు కేంద్రానికి రాస్తే స్పష్టంగా జవాబిచ్చారు. ముప్పై మీటర్ల పగడపు గోడ, పక్కకు లాగే ప్రవాహం, పైకి వచ్చేటప్పుడు పట్టుకోవడానికి తాడేమీ ఉండదు. పైస్థాయి కార్డు తప్పనిసరి. అది నాకుంది, బెంగళూరు దగ్గర నీళ్లు నిండిన ఒక క్వారీలో పరీక్ష పెట్టి ఇచ్చారు. అరవై దాటినవారు డాక్టరు పత్రం తేవాలి, తమను బాగా ఎరిగిన జోడీ డైవరుతో రావాలి. ఈ చివరి షరతు దగ్గర ఆగిపోయాను. నన్ను బాగా ఎరిగి, డైవింగు కార్డు ఉన్న మనిషి మా జిల్లాలో ఒక్కడే, జమ్మలమడుగు మస్తాను. అతనితో నేను ఇరవై ఏడేళ్లుగా మాట్లాడలేదు.

కారణం చెప్పాలి. మా పనిలో ఒకడు మునిగితే ఇంకొకడు పైన తాడు పట్టుకుంటాడు. కిందివాడు ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లు గుంజితే తాడు ఇంకొంచెం వదలమని, మూడుసార్లు గుంజితే పైకి లాగమని అర్థం. బావి మోటార్ల రోజులనుంచీ అదే పద్ధతి. ఒక జలాశయంలో గేటు కింద ఆఖరి బోల్టు బిగిస్తుండగా, నేను ఒక్కసారి కూడా గుంజకుండానే మస్తాను నన్ను పైకి లాగేశాడు. గట్టు మీదున్న కాంట్రాక్టరు, నీళ్లంటే భయపడేవాడితో తనకు పని కాదని అందరిముందూ నన్ను అని, మిగతా పని వేరేవాళ్లకు ఇచ్చాడు. నేను మస్తాను మీద విరుచుకుపడ్డాను. అతను ఏదో చెప్పబోతే విననే లేదు. మరుసటి నెల అతను కువైట్ పోయాడు. అక్కడి ఓడరేవుల్లో ఇరవై ఏళ్లు డైవరుగా చేసి వచ్చి, ఇప్పుడు జమ్మలమడుగులో మోటార్లకు వైండింగు చేసే దుకాణం నడుపుతున్నాడు.

ప్రొద్దుటూరులో బస్సెక్కితే ముప్పావుగంటలో ఆ దుకాణం ముందున్నాను. నన్ను చూసి అతను లేవలేదు.

"ఏంది మామా, దావ తప్పినావా?"

"నీళ్లలోకి దిగే పని ఉండాది. జతకు మనిషి కావల్ల."

"యాడ?"

"సముద్రంలో."

చేతిలో రాగి తీగ చుట్టడం ఆపాడు. "నువ్వు సముద్రంలో ఎప్పుడు మునిగినావు?"

"అది నీకెందుకు?"

"జతకు వచ్చేది నేను గదా. తాడు ఎవురు పట్టుకుంటారు?"

"ఆడ తాళ్లుండవు. లోకం శానా మారిపోయింది."

"లోకం మారిండొచ్చు. నువ్వు మారినట్టు కనపల్లేదే," అని పక్క హోటలుకు కేక వేసి రెండు టీలు చెప్పాడు. వస్తానన్న మాట ఆ టీ తాగడంలోనే తేలిపోయింది. పాత సంగతి నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

డాక్టరు పత్రానికి పులివెందుల పోవాల్సి వచ్చింది. ప్రొద్దుటూరులో ఇద్దరు డాక్టర్లు నా వయసు చూసి కలం మూసేశారు. వాళ్లిద్దరికీ గుండె గురించి తెలిసినంత మాత్రం నేను పుస్తకాల్లో చదువుకున్నాను. ముద్దనూరు మీదుగా బస్సులో రెండు గంటలు. అక్కడి చెవుల డాక్టరు, కుర్రవాడే, చెవులు చూసి, గుండె పరీక్షలు చేయించి రమ్మని, కాగితాలన్నీ తిరగేశాడు.

"పెద్దాయనా, ఆడ ఏమన్నా అయితే నా మీదికి వస్తాది."

"ఏమన్నా అయితే నీ మీదికి రానీకి నేనుండను గదప్పా."

నవ్వి సంతకం పెట్టాడు. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరాను. దీవులకు పోవడానికి అనుమతి పత్రం కావాలి, దానికి పోలీసుల నిరభ్యంతర పత్రం జత చేయాలి. ఇవన్నీ చేతికి రావడానికి నెల పట్టింది, కాబట్టి ముందుగానే మొదలుపెట్టండి.

ఎర్రగుంట్లలో మధ్యాహ్నం కేరళ రైలెక్కితే మర్నాడు పొద్దున ఎర్నాకుళంలో దిగాం. కొచ్చి నుంచి అగత్తికి చిన్న విమానం, గంటన్నర. పోను రాను మనిషికి పదిహేను వేల దాకా అయింది. అగత్తి నుంచి పడవలో గంట. ఫిబ్రవరి నెల కాబట్టి సముద్రం పలకలాగా ఉంది. జూన్ నుంచి వానల కాలంలో అటు పోవద్దు. దీవిలో భోజనం సులభం. వంటాయన రెండు పూటలా కొబ్బరి వేసిన చేపల పులుసే పెట్టాడు. రాగిసంగటి దొరకదా అని మస్తాను గల్ఫులో నేర్చిన మలయాళంలో అడిగితే, అదేమిటో వివరించమన్నాడు. వివరణంతా విని, జబ్బు చేసినవాళ్లకు పెట్టేదా అన్నాడు. మస్తాను నా వైపు తిరిగి, "ఈయప్పను ఒగసారి జమ్మలమడుక్కు తీసకపోవల్ల," అన్నాడు.

మర్నాడు ఏడింటికి డైవింగు కేంద్రం దగ్గర నౌషాద్ అనే శిక్షకుడు సామాన్లు సర్దుతున్నాడు. ఇద్దరి డైవుకు కలిపి ఏడు వేలు. ముందు ఒడ్డు దగ్గర లోతులేని నీళ్లలో బరువు సరిచూసుకుంటారా అని అడిగాడు. డైవరు నడుముకు సీసపు ముక్కలు కట్టుకుంటేనే మునుగుతాడు. అవి ఎన్ని కావాలో తేల్చుకోవడానికి పది నిమిషాల పరీక్ష. నా లాగ్‌బుక్కు చూపించి, అవసరం లేదు, నాకు నాలుగు కిలోలు అన్నాను. ఉప్పునీరు మంచినీటికంటే బరువు కాబట్టి మనిషిని ఎక్కువ తేలుస్తుందని నాకు తెలియక కాదు. ఎంత శాతం ఎక్కువో ఏ పుస్తకంలో ఉందో కూడా చెప్పగలను. కానీ ముప్పై ఐదేళ్ల అలవాటు నోట్లోంచి నాలుగు అనే పలికించింది. ఒకసారి పలికాక, మొదటిసారి సముద్రంలోకి వచ్చినవాడిలా దిద్దుకోవడానికి అహం అడ్డొచ్చింది.

"ఇంగ రెండు ఏసుకో మామా, ఇవి ఉప్పునీళ్లు," అన్నాడు మస్తాను.

"నాకు చెప్పొద్దు."

అతను తన బెల్టు కట్టుకున్నాడు. జేబులోంచి రెండు గజాల నైలాన్ తాడు తీశాడు, రెండు కొసలకూ కొక్కేలున్నాయి. పగడాల దగ్గర తాడు చిక్కుకుంటుందని నౌషాద్ వద్దన్నాడు. మస్తాను సరేనని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకు పడవ మమ్మల్ని గోడ మీద దించింది. మునగడం కష్టమైంది, బావిలోకి దూకినట్టు తలకిందులుగా తన్నుకుంటూ పోయాను. పది మీటర్లు దాటాక అంతా సర్దుకుంది. ఆ గోడ గురించి చెప్పాలంటే, బురదనీళ్లలో చేతులతో తడుముకుంటూ బతికినవాడిని, ముప్పై మీటర్ల దూరం కళ్లతో చూడడం నాకు కొత్త. ఎర్రటి విసనకర్రల్లాంటి పగడాలు, గుంపులుగా చేపలు, కింద నీలంలో తిరిగే ఒక బూడిదరంగు సొరచేప. విశాఖ పెద్దమనిషి గుర్తుకే రాలేదు.

ముప్పై ఐదు నిమిషాల తర్వాత పైకి తిరిగాం. అంత లోతు నుంచి వచ్చేవాళ్లు పైన ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆగకుండా పైకి తేలితే రక్తంలో గాలి బుడగలు పుట్టి పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. దానికి వైద్యం చేసే పీడనపు గది ఆ దీవిలో లేదు, సముద్రం దాటి పోవాలి. ఆగేచోట చుట్టూ నీలం తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు. మస్తాను వచ్చి, అడగకుండానే తాడు ఒక కొస తేలడానికి గాలి నింపుకునే నా డైవింగు చొక్కాకు, ఇంకో కొస తనకు తగిలించాడు. ముసలివాడిని చేశాడని నాకు మండింది. ఇంతలో ఒక తాబేలు అటుగా వచ్చింది, నేను దాన్ని చూస్తున్నాను.

సిలిండరులో గాలి అయిపోయేకొద్దీ అది కూడా తేలికవుతుంది. నా కాళ్లు లేస్తున్నట్టు అనిపించింది. ఊపిరి మొత్తం వదిలాను, ఆగలేదు. చొక్కాలో గాలి తీసేశాను, ఆగలేదు. కిందికి తన్నబోతే ఇంకా లేచాను. నెత్తిమీద పడవ ఇంజను చప్పుడు దగ్గరవుతోంది. ఏ గేటు కిందా నాకు అంత భయం పుట్టలేదు. అప్పుడు తాడు బిగిసింది. మస్తాను చేతికి చేయి మార్చుకుంటూ, బావిలో మోటారును లాగినట్టు, నన్ను కిందికి లాగాడు. ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో తన జేబులోంచి సీసపు ముక్క తీసి నా జేబులో వేశాడు. ఇంకొకటి తీసి అదీ వేశాడు. నేను నిలబడ్డాను. ఇద్దరం ఎదురెదురుగా మూడు నిమిషాలు లెక్కపెట్టుకున్నాం.

పడవ ఎక్కాక జేబులోంచి ఆ రెండు సీసపు ముక్కలూ తీసి చూశాను. చివరకు అడిగాను.

"ఆ రెండు కిలోలు యాడియి?"

"నేను ఎక్కువ ఏసుకొనుంటి. నువ్వు ఇనవని తెల్సు గదా."

"మరి ఆ పొద్దు గేటు కాడ నన్నెందుకు లాగినావు? నేను గుంజలేదు గదా."

ఇరవై ఏడేళ్లలో నేను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. అతను ముఖం తుడుచుకున్నాడు.

"నీ బుడగలు అంతవరకూ ఒగే చోట లేస్తాండె. ఉన్నట్టుండి అవి గేటు దిక్కు జరగబట్టె. కింద సందు ఏర్పడి నీళ్లు ఈడుస్తాండాయి. ఇంగొంచేపుంటే నీ కాలు ఆ సందులోకి పోతాండె. నువ్వు బోల్టు చూస్తాండావు మామా. నేను బుడగలు చూస్తాండా."

"అప్పుడే చెప్పొచ్చు గదా."

"చెప్పనిచ్చినావా?"

నౌషాద్ మాకు చెరొక కొబ్బరిబోండాం ఇచ్చాడు. అంత తియ్యటి నీళ్లు నేను తాగలేదు.

రక్తంలో బుడగల భయంతోనే విమానం ఎక్కేముందు ఒక రోజంతా నీళ్లకు దూరంగా ఉండాలి కాబట్టి మర్నాడు ఇసుకలో కూర్చుని లాగ్‌బుక్కు రాశాను. ఆరు వందల పదమూడో డైవు, ఉప్పునీరు, బరువు నాలుగు కిలోలు. జోడీ సంతకం చేయాల్సిన గడి చూపిస్తే, మస్తాను ముందు నాలుగు కొట్టేసి ఆరు వేసి, ఆ తర్వాత సంతకం చేశాడు. ఆ కాంట్రాక్టరు మాట ఇన్నేళ్లూ నా మీద పడ్డ మచ్చ అనుకుని మోశాను, దాన్ని మస్తాను ఖాతాలో వేసి ద్వేషించాను. ఇప్పుడు అది లేదు. రైల్లో తిరిగొస్తూ పిల్లాడిలా నిద్రపోయాను. విశాఖ పెద్దమనిషి చెప్పిన దాంట్లో సగం నిజం, సముద్రం వేరే చదువే. ఆ మాట గుంపులో ఒప్పుకునే ఉద్దేశం నాకు లేదు. ఇక్కడ చదువుకుంటే చదువుకోనీ.

మంచినీళ్లలో అనుభవం సంపాదించి సముద్రానికి పోయేవాళ్లకు ఒక్క సలహా. మొదటి డైవుకు ముందు, దాదాపు ఖాళీ అయిన సిలిండరుతో, లోతులేని చోట బరువు సరిచూసుకోండి. పక్కనున్నవాడు ఇంకో రెండు కిలోలు వేసుకోమంటే, ఎందుకని అడగండి. నేను రెండుసార్లు అడగలేదు. రెండుసార్లూ అతని చేతిలో తాడుంది.