ఎల్లన్న గాట్లు

మా రిషితకు ఏమీ కాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎవరికి చెప్పబోయినా మధ్యలో ఆపి అదే అడుగుతున్నారు. నేను చెప్పాలనుకున్నది మా బిల్డింగు హారిస్, అంటే వాచ్‌మన్, ఎల్లన్న గురించి.

సౌదీలోని అల్ ఖోబర్‌లో మేముండేది నాలుగంతస్తుల బిల్డింగు, అంతస్తుకు ఆరు ఫ్లాట్లు. గేటు కాపలా, మెట్లు తుడవడం, నీళ్ల మోటారు, మాడిపోయిన బల్బులు మార్చడం, అన్నీ ఎల్లన్న పనే. ఊరు జగిత్యాల దగ్గర. వయసు యాభై దాటింది. చదువు మూడో తరగతి. గొర్రెలు కాసే కుటుంబం. ఇక్కడికొచ్చిన మొదటి రెండేళ్లు కూడా జిజాన్ వైపు వీసా ఇచ్చిన ఒక కఫీల్ మందను కాశాడట.

"గా గొర్లకు తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు. రెండు నెలల్ల కలిసిపోయినం," అంటాడు.

మా బిల్డింగు మేనేజరు అతన్ని 'ముఖ్ సిఫర్' అని పిలుస్తాడు, బుర్ర సున్నా అని. సిఫర్ అంటే అరబ్బీలో ఖాళీ. ఆ మాటే యూరప్ వెళ్లి జీరో అయింది, సైఫర్ అయింది, లెక్కకు రాని మనిషికీ రహస్య లిపికీ కూడా పేరయింది. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే రోజుల్లో ఎక్కడో తెలుసుకున్న సంగతి. ఓసారి ఎల్లన్నతో చెప్పాను.

"గన్ని దేశాలు తిరిగొచ్చినంక గుడ సున్ననే గద బిడ్డా!" అని నవ్వేశాడు.

మొన్న మంగళవారం పొద్దున పదింటికి స్టవ్ మీద పాలు పెట్టి, చెత్త సంచీ బయట పెడదామని గడప దాటాను. గాలికి తలుపు మూసుకుపోయింది. మూస్తే దానంతటదే తాళం పడే తలుపు. తాళంచెవి లోపల, ఫోను లోపల, పధ్నాలుగు నెలల మా రిషిత లోపల. మా ఆయన జుబైల్‌లో ప్లాంటు లోపల ఉంటే ఫోను తీయడానికి లేదు.

పాలు పొంగితే మంట ఆరిపోతుంది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు, నేలబారునే పరుచుకుంటుంది. మా పిల్ల పాకేది నేల మీదే. చదువుకున్నందుకు నాకు ఇవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తాను. ఎల్లన్న లేడు, నివాస కార్డు ఇఖామా పని మీద దమ్మామ్ వెళ్లాడు. అతని గదిలోనే ఉండి ఉండి తెలుగు అర్థం చేసుకునే పాకిస్తానీ డ్రైవరు దిలావర్ బయటికొచ్చాడు. అందరి ఇళ్ల రెండో తాళంచెవులూ ఆ గది గోడ పెట్టెలోనే ఉంటాయి. దిలావర్ దాన్ని తెరిచాడు. ఇరవై నాలుగు మేకులు, ఇరవై నాలుగు తాళంచెవులు. ఒక్కదాని మీదా నంబరు లేదు!

"హమ్ కో నహీఁ మాలూమ్, బాజీ. యే ఎల్లన్నా కా హిసాబ్ హై," అన్నాడు, తనకు తెలియదని, ఇది ఎల్లన్న లెక్కని.

ఒక్కోదాని తల అంచున ఆకురాయితో పెట్టిన గాట్లున్నాయి, ఎడమన కొన్ని, కుడిన కొన్ని. మాది 302. మూడు, రెండు సరే, మధ్య సున్నాకు గుర్తేది? దానికోసం వెతుకుతూ రెండు నిమిషాలు పోగొట్టుకున్నాను. దిలావర్ ఫోన్లో మూడోసారి చేస్తే ఎల్లన్న ఎత్తాడు.

"సున్నకు గాటెందుకు బిడ్డా? లేనిదాన్ని ఎట్ల కోస్త? ఎడమకు మూడు, కుడికి రెండు, తీస్కపో!"

తీసుకుని పైకి పరుగెత్తాను. దిలావర్ స్పీకరు పెట్టిన ఫోను పట్టుకుని నా వెనకే. మా అరుపులకు ఇంకో నలుగురు మెట్ల మీదికి వచ్చారు. తాళంచెవి దూరింది గానీ తిరగలేదు. లోపల పాప ఏడుస్తోంది. కాసేపటికి ఆ ఏడుపూ ఆగిపోయింది. మాడిన పాల వాసన తలుపు సందులోంచి వస్తోంది.

"ఎల్లన్నా, తిరగట్లేదు!" అని అరిచాను.

"ఎటు దిక్కు నుంచి చూసినవ్? కంపెనీ పేరున్న దిక్కా?"

"అవును."

"అది మొఖం బిడ్డా. గొర్రె చెవికి గుర్తుకు వెట్టిన గాటు మొఖం దిక్కు నుంచి ఎవలు చూస్తరు? మంద ముందట పోతది, మనం ఎనుకుంటం. ఎనుకకు తిప్పి చూడు."

తిప్పాను. ఎడమకు రెండు, కుడికి మూడు. నా చేతిలో ఉన్నది 203. పెట్టెలో కొన్నిటికి ఎడమన ఐదేసి, ఆరేసి గాట్లు కనబడుతూనే ఉన్నాయి. మా బిల్డింగుకు ఐదో అంతస్తే లేదు. ఆ పాటి లెక్క నాకు తట్టలేదు!

నేను కదిలేలోపే దిలావర్ మెట్లు రెండేసి దూకుతూ దిగి, సరైనది తెచ్చాడు. ఈసారి తిరిగింది.

రిషిత చెప్పుల స్టాండు దగ్గర కూర్చుని వాళ్ల నాన్న బూటు లేసు చప్పరిస్తోంది. నన్ను చూసి నవ్వింది. స్టవ్ మీద మంట ఆరిపోయి ఉంది, బర్నరు సన్నగా బుస కొడుతోంది. నాబ్ కట్టేశాను. కిటికీలన్నీ తీసి, పిల్లను ఎత్తుకుని బాల్కనీలో నిలబడ్డాను.

సాయంత్రం పాపను చంకనేసుకుని కిందికి వెళ్లాను. ఎల్లన్న పేపరు పరిచి, తాళంచెవులన్నీ ముందు పోసుకుని, ఒక్కోదానికి రంగుదారాలు కడుతున్నాడు.

"గాట్లున్నాయిగా, దారాలెందుకు?"

"ఇగ గాట్లు ఉత్తయే. కొత్త గుర్తులు వెడుతున్న."

"నేనెవరికీ చెప్పను ఎల్లన్నా!"

"నువ్వు చెప్పవు. దిలావర్ ఇన్నడు, మెట్ల మీద ఇంకో నలుగురు ఇన్నరు. ఇరవై నాలుగిండ్లు బిడ్డా."

"మరి గాట్లు చెరిపేయవా?"

"ఉండనియ్యి. దొంగ వస్తె అవే లెక్కవెట్టుకుంట కూసుంటడు."

మా తాళంచెవికి ఏ రంగు కట్టాడో చూద్దామని వంగాను. అరచెయ్యి అడ్డం పెట్టాడు. నాకు కోపం రాలేదు. మా ఇల్లు భద్రంగానే ఉందనిపించింది.

"మళ్లీ ఇరుక్కుంటే ఎలా?"

"నా నంబరు నోటికి నేర్చుకో. చెత్త బయట వెట్టేటప్పుడు తలుపుకు కాలు అడ్డం వెట్టు." అని, దారం పంటితో తెంపుతూ, "పో బిడ్డా, పాలు పెట్టొచ్చినవేమో చూస్కో," అన్నాడు.

గేటు దగ్గరున్న దిలావర్ పకపకా నవ్వాడు. నేను మాత్రం పాపతో సహా పైకి పరుగెత్తాను. స్టవ్ కట్టేసే ఉంది. పాలు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.