డ్రమ్ములో నేను తిప్పిన సుడి

పోయిన వారం మా ఇంట్లో జరిగింది వింటే మీరు నన్ను మీ వంటింటి గడప తొక్కనివ్వరు.

తెల్లారితే నా పీహెచ్‌డీ వైవా. బయటి యూనివర్సిటీ నుంచి ఎగ్జామినరు వస్తాడు, ముందు మా ఇంట్లో భోజనం, ఆ తర్వాత వైవా. ఆ సాయంత్రమే మా అత్త శింగనమల నుంచి బస్సు దిగింది. పిల్లనిచ్చిన అత్తే గానీ, అంతకు ముందు మా నాయన చెల్లెలు. కాబట్టి మొహమాటాల్లేవు.

"ఇన్నేండ్లుగా ఏం చదువుతాండావప్పా?" అనింది.

చెప్పినాను. పరమాణువుల్ని చల్లబరిచి, ఇంకా చల్లబరిచి, ఇక చల్లబడలేనంత దాకా తెస్తే అన్నీ ఒక్కటై కండెన్సేట్ అవుతాయి. దాన్ని గట్టిగా తిప్పితే సుడులు పుడతాయి. రాపిడి ఉండదు గనక అవి ఆగవు. చెదరకుండా సాగే అలలు, సాలిటాన్లు, ఇంకో చాప్టరు. వాటి జోలికి పోలేదు.

"యాడుండాది ఆ సుడి?"

నోరు మూసుకోవాల్సింది. వంటింట్లో నీలం డ్రమ్ము కనిపించింది. తెడ్డు ముంచి గిరగిరా తిప్పినాను. నడుమ గుంత పడి ఏం సుడి తిరిగింది! "చూడత్తా" అన్నాను గొప్పగా.

నా భార్య జయ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, తేరిన నీళ్లు!"

మన ఊరి కొళాయి సంగతి తెలిసిందే కదా. ఎప్పుడో వస్తుంది, వస్తే ఎర్రగా వస్తుంది. ఆ నీళ్లలో జయ పటిక తిప్పి, ఎవర్నీ ముట్టనీయకుండా కాపలా కాసి, మడ్డినంతా అడుక్కి దించింది. ఎగ్జామినరు కోసమే. నేను మళ్లీ పైకి తెచ్చినాను. అది మళ్లీ దిగాలంటే ఇంకో రెండు రోజులు పడుతుంది.

బాటిల్ నీళ్లు తెస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన మనిషికి కొన్న నీళ్లు పోస్తామా?"

"మజ్జిగ ఇద్దాం, రంగు కనపడదు" అని జయ ప్లాన్ వేసింది.

మర్నాడు ఎగ్జామినరు వచ్చి భోజనానికి కూర్చున్నాడు. "మజ్జిగ నాకు పడదమ్మా, మంచినీళ్లు చాలు" అన్నాడు. జయ తెచ్చిన నీళ్ల గ్లాసెత్తి వెలుతురులో చూసినాడు. నా డిగ్రీ ఆ గ్లాసులో మునిగిపోయిందనుకున్నాను.

"ఏమిటయ్యా ఇది?"

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "మీ చదువే సార్. నిన్న మా అల్లుడు తిప్పి చూపించినాడు."

ఆయన సంగతంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వినాడు. "సుడి ఆగదని థీసిస్ నిండా రాశావు కదా. ఆగిందా?"

"సుడి అప్పుడే ఆగింది సార్. మడ్డే ఇంకా తిరుగుతాంది" అన్నాను.

వైవాలో ఇక పెద్దగా ఏమీ అడగలేదు. సుడుల మీద నాకు డాక్టరేట్ ఇచ్చేసినారు. డ్రమ్ములో చెంబు ముంచడానికి మాత్రం జయ ఇంకా పర్మిషన్ ఇవ్వలేదు.